పిల్లలే దారి చూపే అడవి నడక: శేషాచలానికి యువబృందాన్ని సిద్ధం చేయడం ఎలా

శేషాచలం కొండల్లోకి పిల్లలను తీసుకెళ్లడం ఒక పని. పిల్లలే దారి చూసుకుంటూ, నీళ్లు లెక్కపెట్టుకుంటూ, ఎక్కడ ఆగాలో ఎప్పుడు వెనక్కి తిరగాలో తామే తేల్చుకుంటూ నడిచి రావడం వేరే పని. మొదటిదానికి ఒక బస్సు, భోజనం, ఇద్దరు మాస్టార్లు చాలు. రెండోదానికి దాదాపు మూడు నెలల సాధన కావాలి. ఇక్కడ చెప్పబోయేది ఆ రెండో పని గురించి. 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మీరు ఉపాధ్యాయులు కావచ్చు, స్కౌట్ మాస్టరు కావచ్చు, ఊళ్లో యువజన సంఘం నడిపేవారు కావచ్చు. ఎవరైనా సరే, బయలుదేరిన రోజున పటం చేతికిచ్చి ‘ఇక మీరే నడిపించండి’ అంటే పిల్లలు నాయకులైపోరు. తప్పినా పెద్ద నష్టం లేని నిర్ణయాలను నెలల ముందు నుంచే వాళ్లకు వదిలేస్తూ రావాలి. ఏ బస్సు ఎక్కాలి, ఎన్ని గంటలకు కలవాలి, ఎవరు ఏం తేవాలి అన్నవన్నీ వాళ్లే తేల్చుకోవాలి. మీ పనిలో ముప్పాతిక వంతు అడవి అంచు చేరకముందే అయిపోవాలి.

కాలం చూసుకోండి

దసరా సెలవుల్లో సన్నాహం మొదలుపెట్టి, సంక్రాంతి దాటాక బయలుదేరండి. తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి ఇదే అనువైన లెక్క. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు ఎలా విరిగిపడ్డాయో ఊరు మరిచిపోలేదు. అలాంటి రోజుల్లో కోనల్లోకి వెళ్లకూడదు. మీ తల మీద ఎండ కాస్తున్నా, పైన ఎక్కడో కురిసిన వాన వాగులో దిగి వస్తుంది. మోకాలి లోతున్న మడుగు చూస్తుండగానే నడుము దాటుతుంది.

జనవరి వచ్చేసరికి వానలు వెనకబడతాయి, వాగుల్లో నీళ్లు మాత్రం ఇంకా పారుతుంటాయి. ఫిబ్రవరి దాటితే బోద గడ్డి ఎండిపోతుంది. 2014 మార్చిలో తిరుమల దగ్గర అడవి అంటుకున్నప్పుడు మంటలార్పడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. వేసవిలో కొండ మీద నీళ్లూ ఉండవు, నిప్పు భయమూ తప్పదు. ఎండాకాలం సెలవులు పొడవుగా ఉంటాయి కదా అని ఏప్రిల్, మే నెలలను ఎంచుకోవద్దు.

అనుమతి లేకుండా అడుగు వేయవద్దు

శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. దానిలోనే 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి రక్షిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం, నిప్పు పెట్టడం నేరాలు. కొండ పక్కనే పుట్టి పెరిగినవాళ్లకు ‘మా అడవే కదా’ అనిపిస్తుంది. పిల్లలతో వెళ్లేటప్పుడు ఆ ధీమా పనికిరాదు.

ఎక్కడికి, ఎంతమంది, ఏ తేదీల్లో, ఏ దారిన వెళ్లదలచారో రాసి, కనీసం నెల రోజుల ముందు తిరుపతిలోని అటవీశాఖ డివిజన్ కార్యాలయంలో ఇవ్వండి. దరఖాస్తును పిల్లల చేతే రాయించండి. ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లండి, అధికారితో వాళ్లనే మాట్లాడనివ్వండి. రాత్రి బసకు మీ ఇష్టం వచ్చిన చోట టెంట్ వేసుకోవచ్చనుకోవద్దు. అటవీశాఖ చూపించిన చోటే ఉండాలి. తలకోనలో, మామండూరులో పర్యావరణ పర్యాటక విడిది ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిసారి వెళ్లే బృందం తలకోన లాంటి చోట మకాం పెట్టి, రెండు రోజులూ పగటి పూట సామాను మోసుకుంటూ నడిచి, చీకటి పడేలోగా మకాం చేరడం మంచిది. కాలిబాటలు ఎక్కడివరకు తెరిచి ఉన్నాయో అప్పటికప్పుడు అడిగి తెలుసుకోవాలి. అన్నమయ్య నడిచిన దారి అని కుక్కలదొడ్డి వైపు నుంచి తిరుమలకు ఒక బాట ఉంది. పేరు వినగానే పిల్లలు అటు వెళ్దామంటారు. అనుమతి కాగితం చేతిలో లేకపోతే ఆ మాట అక్కడే ఆపేయండి.

గైడును వెంట పంపుతామంటే సంతోషంగా ఒప్పుకోండి. పిల్లలే నడిపే యాత్రకు గైడు అడ్డు కాదు, ముందు రోజే ఆయనతో కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ‘అన్నా, మీరు వరుసలో వెనక నడవండి. పిల్లలు దారి తప్పినా ప్రమాదం లేనంతవరకు కాసేపు చెప్పకండి. ప్రమాదం అనిపిస్తే మాత్రం మీ మాటే చివరి మాట.’ ఇంత చెబితే చాలామందికి అర్థమవుతుంది. పిల్లలకు కూడా ఆయన ముందే ఈ సంగతి చెప్పండి.

ఎర్రచందనం సంగతి కూడా పిల్లలకు చెప్పి తీరాలి. ఈ చెట్టు సహజంగా పెరిగేది ఈ కొండల్లోను, చుట్టుపక్కల జిల్లాల్లోను మాత్రమే. దానికోసం దొంగలు తిరుగుతారు, వాళ్ల కోసం పోలీసులు, అటవీ సిబ్బంది కాపు కాస్తారు. గొడ్డలి, కొడవలి, పెద్ద కత్తి ఏదీ సామానులో ఉండకూడదు. పళ్లు కోసుకునే చిన్న చాకు ఒకటి చాలు. అనుమతి పత్రం నకళ్లు రెండు సంచుల్లో ఉండాలి. దుంగలు మోసేవాళ్లు కనబడితే ఫోటో తీయకుండా, పలకరించకుండా, వచ్చిన దారినే నిశ్శబ్దంగా వెనక్కి వచ్చి సిబ్బందికి చెప్పాలి.

బృందం, బాధ్యతలు

ఆరుగురి నుంచి ఎనిమిది మంది వరకు ఒక బృందం. నలుగురికి తగ్గకూడదు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు కలిసి సాయానికి వెళ్తారు. ఇరవై మంది వస్తామంటే మూడు బృందాలు చేయండి, ఒక్క గుంపుగా కదిలించవద్దు. ప్రతి బృందానికి ఇద్దరు పెద్దలుండాలి, ఆడపిల్లలుంటే వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ కావాలి.

తల్లిదండ్రులను పిలిచి, వాళ్ల ముందు యాత్ర వివరాలు పిల్లలే చెప్పేలా ఒక సాయంత్రం ఏర్పాటు చేయండి. సంతకాలు ఆ తర్వాతే తీసుకోండి. ఉబ్బసం, మూర్ఛ, తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు రావడం, రోజూ వేసుకునే మందులు, వీటి గురించి తల్లిదండ్రులను విడిగా అడగాలి. పదిమందిలో అడిగితే నిజం చెప్పరు. ఆడపిల్లలతో నెలసరి గురించి తోడు వచ్చే మహిళ ముందే మాట్లాడాలి. ప్యాడ్లు అందరి ప్రథమ చికిత్స పెట్టెలోనూ ఉండాలి. వాడినవి కాగితంలో చుట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో వేసి వెనక్కి తేవాలి.

బాధ్యతలు ఐదు: ఆ పూట నాయకుడు లేదా నాయకురాలు, పటం చూసేవారు, గడియారాన్నీ నీళ్లనూ గమనించేవారు, మందుల పెట్టె మోసేవారు, అందరికన్నా వెనక నడిచేవారు. ఇవి పూటపూటకూ మారాలి. గొంతు పెద్దదిగా ఉన్న పిల్లవాడే ప్రతిసారీ నాయకుడు కావడం, ఆడపిల్లలకు తిండి లెక్క అప్పగించడం మన దగ్గర తెలియకుండానే జరిగిపోతాయి. అలా జరగనివ్వకండి. అందరికన్నా నెమ్మదిగా నడిచే పిల్లను వరుసలో రెండోచోట పెట్టి, బృందం మొత్తం ఆ నడకకు కుదురుకోవాలి. వెనక పెడితే ఆమె దగ్గరికి చేరేసరికి మిగిలినవాళ్లు విశ్రాంతి ముగించి లేచి నిలబడతారు, ఆమెకు విశ్రాంతే దొరకదు.

పటం చదవడం

దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. ఫోనులో నీలం చుక్కను చూస్తూ పెరిగిన పిల్లలకు కొండను కాగితం మీద చూడటం కొత్త విద్య. సర్వే ఆఫ్ ఇండియా పటాలు 1:50,000 కొలతలో దొరుకుతాయి. వాటిలో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసేవి కాంటూరు రేఖలు. రేఖకూ రేఖకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. పాత సంఖ్యల ప్రకారం తిరుపతి, తిరుమల ఉన్న షీటు 57ఓ/6.

కాంటూరు రేఖలంటే ఏమిటో బోర్డు మీద చెబితే బుర్రకెక్కదు. కొండలాగా ఎగుడుదిగుడుగా ఉన్న రాయి ఒకటి తెచ్చి బకెట్లో పెట్టండి. రెండు వేళ్ల మందం నీళ్లు పోసి, నీటి అంచు రాయిని తాకినచోట సుద్దముక్కతో చుట్టూ గీత గీయమనండి. మళ్లీ అంతే నీళ్లు, మళ్లీ గీత. సుద్ద తడికి చెరిగిపోతుంటే మైనపు క్రేయాన్ వాడండి. రాయి మునిగిపోయాక నీళ్లు వంపేసి పైనుంచి చూడమనండి. నిటారుగా ఉన్న వైపు గీతలు దగ్గరగా ఇరుక్కుని, వాలుగా ఉన్న వైపు దూరదూరంగా కనబడతాయి. రాయిలోని గాడి దగ్గర గీత లోపలికి వంగి ఉంటుంది. ‘ఇక్కడే కోన ఉంటుంది, వాగు ఇక్కడే పారుతుంది’ అని వేలు పెట్టి చూపించండి. ఆ తర్వాత పటం పరిస్తే, తలకోన వైపు రేఖలు ఎందుకలా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయో పిల్లలే చెబుతారు. రాష్ట్రంలోకెల్లా ఎత్తైన జలపాతం అది, 270 అడుగులు. రేఖలు అతుక్కోక ఏం చేస్తాయి!

తర్వాతి మెట్టు దిక్సూచి. పటంలోని ఉత్తరం దిక్సూచి ముల్లుతో కలిసేలా పటాన్ని తిప్పడం, ఎదురుగా ఉన్న కొండకూ కాగితం మీది కొండకూ పొత్తు కుదర్చడం నేర్పండి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ కాబట్టి ఆ లెక్కతో పిల్లలను బెదరగొట్టనక్కరలేదు. ఫోనును వద్దనకండి. ఒక ఫోనులో ఆ ప్రాంతం పటం ముందే దించుకుని ఉంచాలి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. అయితే అది సంచి అడుగున, ఆపి ఉంచి, సరిచూసుకోవడానికే బయటికి రావాలి.

సమయం లెక్క కూడా పటం మీదే చేయించండి. 1892లో స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు నైస్మిత్ ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఎనిమిది కిలోమీటర్ల దారి, 400 మీటర్ల ఎక్కుడు అనుకోండి. గంటా ముప్పై ఆరు నిమిషాలు, దానికి నలభై నిమిషాలు కలిపితే రెండుంబావు గంటలు. ఇది దారి బాగున్నప్పుడు, ఒళ్లు అలవాటుపడ్డ పెద్దవాళ్ల లెక్క. బండరాళ్ల మధ్య, బరువుతో నడిచే పిల్లలకు దాన్ని రెట్టింపు చేయండి. జనవరిలో ఆరు గంటలు దాటగానే పొద్దు గుంకుతుంది, కోన లోపల వెలుతురు అంతకన్నా ముందే పోతుంది. నాలుగు గంటలకల్లా మకాం చేరేలా లెక్క వేయమనండి.

కాళ్లకు పని చెప్పండి

వారానికొక నడక చాలు, కానీ మానకూడదు. మొదటి రెండు వారాలు ఊరి చుట్టూ, చేతిలో పటంతో. తర్వాత సంచితో. తిరుపతి పిల్లలకు మెట్ల దారులున్నాయి: శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, అలిపిరి 3,550. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాళ్లు ఎలా ఉన్నాయో అక్కడ తెలిసిపోతుంది. అది భక్తుల దారి కాబట్టి పరుగుపందేలు, అరుపులు వద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక ఆరేళ్ల పాపను పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత పిల్లల విషయంలో సమయాల కట్టుబాట్లు వచ్చాయి, వెళ్లే ముందు ఆ వారం నియమాలు కనుక్కోండి.

ఒక రాత్రి బస సాధన తప్పనిసరి. మన జిల్లాల్లో మామిడితోటకు కొదవ లేదు, తెలిసిన రైతును అడిగితే కాదనరు. అయితే డిసెంబరు, జనవరిల్లో చెట్లు పూత మీద ఉంటాయి, మందు కొడతారు. ఎప్పుడు కొట్టారో అడిగి, కనీసం వారం రోజులైనా దాటాకే వెళ్లండి. తోటలో బోరు ఉంటుంది, ఇల్లు పిలుపు దూరంలో ఉంటుంది, ఏది మరిచిపోయినా కొంప మునగదు. అందుకే అక్కడ మీరు దేనికీ గుర్తుచేయకండి. టార్చికి బ్యాటరీలు తేలేదా, చీకట్లోనే తిననివ్వండి. తెల్లవారాక అందరూ కూర్చుని ఏం మరిచారో, ఏం అనవసరంగా మోశారో వాళ్లే రాసుకుంటారు. మీరు అచ్చువేసి ఇచ్చే జాబితా కన్నా ఆ కాగితం మీద వాళ్లకు గురి ఎక్కువ ఉంటుంది.

సంచిలో ఏముండాలి

సంచి బరువు పిల్లవాడి బరువులో అయిదో వంతు దాటకూడదు. 50 కిలోల పిల్లవాడికి నీళ్లతో సహా 10 కిలోలు. వేలాడే త్రాసు ఒకటి తెచ్చి వసారాలో కట్టి, ఒక్కొక్కరి సంచినీ తూచండి. బరువు దాటితే వస్తువులన్నీ దుప్పటి మీద పరిచి, ఏది తీసేయాలో ఆ పిల్లనే నిర్ణయించుకోమనండి. పెద్ద తువ్వాలు, మూడో జత బట్టలు, రెండో పవర్ బ్యాంకు వరుసగా పక్కకు పోతాయి. నీళ్లు, తిండి లాంటి బరువైనవి వీపుకు ఆనుకుని, భుజాల మధ్యకు వచ్చేలా సర్దుకోవాలి. దిగువన వేలాడితే సంచి వెనక్కి లాగుతుంది.

జీన్స్ వద్దు. తడిస్తే బరువు, ఆరదు, తొడలు ఒరుసుకుంటాయి. పొడుగు చేతుల చొక్కా, వదులు ప్యాంటు, టోపీ, పలుచని వానకోటు, రాత్రికి స్వెట్టరు ఉండాలి. జనవరి రాత్రి కొండ పక్కన చలి బాగానే ఉంటుంది. బూట్లు కొత్తవైతే ఆరు వారాల ముందే కొని సాధన నడకలన్నీ వాటితోనే నడవాలి. మడమ దగ్గర చురుక్కుమన్న వెంటనే, బొబ్బ లేవకముందే, ఆగి టేపు అంటించుకోవాలి. ఇందుకోసం బృందమంతా ఆగడం సిగ్గుపడాల్సిన విషయం కాదని పదేపదే చెప్పండి.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకోండి. లీటరంటే కిలో. అన్నీ మోయలేరు కాబట్టి ఎక్కడ నింపుకోవాలో పటం మీద గుర్తుపెట్టుకుని, ఆ జాగాలో నీళ్లున్నాయా అని గైడును ముందే అడగాలి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా గుడ్డలో వడగట్టి, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాకే తాగాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు శుభ్రమైన నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. ఇది అందరికీ నోటికి వచ్చి ఉండాలి.

తిండి విషయంలో మన ఇళ్లలో ఉన్నదే చాలు. మొదటి పూటకు చింతపండు పులిహోర. ఆ తర్వాతకు చపాతీలు, ఊరిబిండి, నిమ్మకాయ ఊరగాయ, బొరుగులు, వేయించిన రాగిపిండితో బెల్లం కలిపి చేసిన ఉండలు, వేరుశనగ చిక్కీ. ఇవేవీ నిప్పు అడగవు. అడవిలో పొయ్యి ముట్టించకూడదు కాబట్టి, వేడి భోజనం విడిది దగ్గర దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోనే విప్పి గుడ్డసంచుల్లో పోసుకుంటే చెత్త సగం తగ్గుతుంది. కోతులుంటాయి, చేతిలో తిండి పట్టుకుని నడవద్దు.

మరుగుదొడ్డి లేనిచోట వాగుకు డెబ్బై పెద్ద అంగల దూరంలో, జానెడు లోతు గుంత తవ్వి, పని అయ్యాక మట్టి కప్పాలి. చిన్న తాపీ ఒకటి సంచిలో ఉంచుకోండి. ఇద్దరు వెళ్లాలి, ఒకరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి.

ప్రమాదాలను ముందే ఆడి చూడండి

ఉపన్యాసం వద్దు. మైదానంలో ఒకరిని కింద కూర్చోబెట్టి ‘ఇతన్ని పాము కరిచింది, మొదలుపెట్టండి’ అని గడియారం చూడండి. మొదటిసారి అందరూ ఒకేసారి మాట్లాడతారు. మూడోసారికి నాయకురాలు ఒక్కతే మాట్లాడుతుంది, మిగిలినవాళ్లు పని చేస్తారు. అప్పటిదాకా మళ్లీ మళ్లీ చేయించండి.

పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు, నాటుమందు వేయకూడదు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలిని లేదా చేతిని బద్దతో కదలకుండా కట్టి, నడవనివ్వకుండా మోసుకుంటూ రోడ్డుకు చేర్చి 108కి చెప్పాలి. పామును పట్టుకోవాలని, చంపాలని చూడకూడదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది కాబట్టి అది ఏ పామో తేలాల్సిన పని లేదు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులున్నాయి. మీరు వెళ్లే చోటికి దగ్గరలో విరుగుడు మందు ఎక్కడ ఉందో వారం ముందే ఫోను చేసి కనుక్కోండి. కరవకుండా చూసుకోవడం ఇంకా తేలిక. దుంగ అడ్డొస్తే దాటి దూకకుండా దాని పైన అడుగేసి, అవతల చూసి దిగాలి. రాత్రి టార్చి లేకుండా నాలుగడుగులైనా వేయకూడదు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి.

ఎలుగుబంటి అలికిడి లేకుండా ఎదురుపడినప్పుడే మీద పడుతుంది. మలుపుల దగ్గర, పుట్టల దగ్గర మాట్లాడుకుంటూ నడవాలి. కనబడితే పరుగెత్తకుండా, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగాలి. చిరుత విషయంలోనూ పరుగు పనికిరాదు. అందరూ దగ్గరగా చేరి, చేతులెత్తి పెద్దగా కనబడాలి, చిన్నవాళ్లు మధ్యలో ఉండాలి. ఏనుగుల సంగతి వేరు. లద్దె తాజాగా ఉన్నా, కొమ్మలు విరిగి పచ్చిగా వేలాడుతున్నా ఆ రోజుకు నడక అయిపోయినట్టే, వెనక్కి రావాలి. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి గుండాలకోనకు రాత్రి వేళ అడవి దారిన నడుస్తున్న భక్తుల మీద ఏనుగులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. అడవిలో రాత్రి నడక ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

కొండ అంచులకు వేలాడే పెద్ద తేనెపట్టులు కనబడితే కింద ఆగవద్దు, రాళ్లు వేయవద్దు, సెంటు పూసుకుని రావద్దు. ఈగలు లేస్తే తల, ముఖం గుడ్డతో కప్పుకుని, చేతులు ఊపకుండా వచ్చిన దారినే వేగంగా దూరం వెళ్లిపోవాలి.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ భయం మడుగులంటే. మన కోనల్లో ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రవాళ్లను తీసుకున్నది చాలాసార్లు ఈ నీళ్లే. పైకి చల్లగా, పచ్చగా కనిపించే నీటి కింద బండలుంటాయి, బండల మధ్య సందులుంటాయి, పాచి ఉంటుంది. ఈత వచ్చినవాడే ముందు దూకుతాడు. పిల్లలకు వదలకుండా పెద్దలే పెట్టాల్సిన నియమం ఒకటి ఉందంటే ఇదే: మడుగులోకి దూకడం లేదు, జలపాతం రాళ్లు ఎక్కడం లేదు. దీని మీద బేరం ఉండదని మొదటి సమావేశంలోనే చెప్పండి.

వెనక్కి తిరిగే షరతులు

అడవిలో నిలబడి ‘వెనక్కి వెళ్దాం’ అనడానికి పదహారేళ్ల పిల్లకు ఎంతో ధైర్యం కావాలి. పక్కవాళ్లు పిరికిదంటారని నోరు మెదపదు. అందుకే షరతులను ఇంటి దగ్గరే, అందరూ కూర్చుని రాసుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నా తిరుగుముఖం పట్టాలి. నీళ్లు సగానికి తగ్గినా, దగ్గరలో నింపుకునే చోటు లేకపోతే తిరగాలి. ఉరుము వినబడినా, వాగు నీళ్ల రంగు మారి మట్టిగా కనిపించినా వాగు వదిలి ఎత్తుకు చేరి తిరగాలి. ఎవరికైనా జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం ఉంటే తిరగాలి. పటం మీద తామెక్కడున్నారో పదిహేను నిమిషాలు వెతికినా తేలకపోతే, చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటికి వెళ్లాలి.

ఇంకొక షరతు కూడా చేర్చండి. బృందంలో ఏ ఒక్కరైనా, కారణం చెప్పకపోయినా, ‘నాకు వద్దనిపిస్తోంది’ అంటే అందరూ ఆగి పది నిమిషాలు కూర్చోవాలి. సాధన నడకల్లో ఒకదాన్ని కావాలనే సగంలో ఆపించి వెనక్కి రప్పించండి. వచ్చాక ఆ పూట నాయకత్వం వహించిన పిల్లను అందరి ముందు మెచ్చుకోండి. కొండ కొమ్ముకు చేరినవాళ్లనే మెచ్చుకుంటే పిల్లలు కొమ్ముకోసమే నడుస్తారు.

బయలుదేరే వారం

దారి వివరాలు ఒక కాగితం మీద రాయించండి: ఏ గంటకు ఎక్కడ, ఎక్కడ నీళ్లు, ఎక్కడి నుంచి రోడ్డుకు దగ్గర దారి, ఎన్ని గంటలకు మకాం. ఒక నకలు అటవీశాఖ వారికి, ఒకటి విడిది దగ్గర ఉండే పెద్దలకు, ఒకటి ఊళ్లో ఫోను దగ్గర కూర్చునేవారికి. సాయంత్రం ఆరింటికల్లా కబురు అందకపోతే ఆ ఊళ్లో మనిషి ఎవరికి ఫోను చేయాలో వరుసగా రాసి ఉండాలి. కోనల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ప్రతి ఒక్కరి మెడలో ఈల. నిమిషంలో ఆరుసార్లు ఊదితే సాయం కావాలని, జవాబుగా మూడుసార్లు ఊదాలని అలవాటు చేయండి.

వాతావరణ శాఖ సూచన ముందు మూడు రోజులూ చూడండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినబడితే వాయిదా వేయండి. బస్సు మాట్లాడుకున్నాం, బయానా పోతుంది అనేది కారణం కాదు.

దారిలో మీరు

ఒక పెద్ద మనిషి విడిది దగ్గర ఉండాలి. ఇంకొకరు గైడుతో పాటు వరుస వెనక, మాటలు వినబడీ వినబడని దూరంలో నడవాలి. దారి రెండుగా చీలినచోట పిల్లలు ఆగుతారు, పటం నేల మీద పరుస్తారు, వాదించుకుంటారు. ఒకరు వెనక్కి తిరిగి మీ ముఖం చూస్తారు. ‘సార్, ఎడమకేనా?’ అని అడుగుతారు. ‘పటం ఏమంటోంది?’ అనండి, అంతే. మీ ముఖంలో జవాబు కనబడకూడదు. తప్పు దారి పట్టి అయిదు నిమిషాలు నడిచాక, వాగు కుడివైపు ఉండాల్సింది ఎడమవైపు వినబడుతోందని ఎవరో ఒకరు గుర్తిస్తారు. వాళ్లే తిరిగి వస్తారు, ఆ తర్వాత ప్రతి చీలిక దగ్గరా వాగు చప్పుడు వింటారు.

మీరు కలగజేసుకోవాల్సిన సందర్భాలు కొన్నే: ప్రాణాపాయం, మడుగు, జంతువులు, ఒకరిని నలుగురు ఏడిపించడం. చివరిదాన్ని చిన్నదిగా చూడకండి. అలిసినప్పుడు, ఆకలేసినప్పుడు పిల్లల మాటలు మొనదేలుతాయి. ఆ సమయంలో ఆపి, కూర్చోబెట్టి, ముందు తినమనండి.

తిరిగి వచ్చిన రోజే అటవీ కార్యాలయానికి, ఊళ్లో ఫోను దగ్గరున్నవారికి అందరం చేరామని చెప్పాలి. ఆ కబురు కూడా పిల్లలే చెప్పాలి. వానకోట్లు, సంచులు నీడలో ఆరేసి, మందుల పెట్టెలో వాడినవాటి స్థానంలో కొత్తవి కొని పెట్టాలి. రెండు మూడు రోజుల తర్వాత, అలసట తీరాక, గంటసేపు కూర్చోండి. ఎక్కడ ఏ నిర్ణయం ఎవరు ఎందుకు తీసుకున్నారో దారి కాగితం ముందు పెట్టుకుని వాళ్లే చెప్పుకోవాలి. మీరు చివర్లో మాట్లాడండి. ఆ కాగితం మీద వాళ్లు రాసుకున్న సవరణలతో సహా దాన్ని భద్రపరచి, వచ్చే దసరాకు కొత్త బృందం చేతికి ఇవ్వండి. ఈసారి వెళ్లివచ్చినవాళ్లలో ఇద్దరిని ఆ బృందానికి పటం నేర్పే పనిలో పెట్టండి.